పెద్దల తలదెబ్బ, ఆసుపత్రిలో తెలుగు మాట

హోసూరు ప్రాంతపు మన కుటుంబములలో పెద్దలకు తలలో రక్తము చేరగా బెంగళూరుకు తీసికొనిపోవలసి వచ్చిన సందర్భములు ఇటీవల రెండు మూడు మా దృష్టికి వచ్చినవి. అందొకదానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఎనుబదియేండ్ల పెద్దమనిషి యొకరు అంగడి గడపదగ్గర తూలగా తల ద్వారబంధమునకు తగిలినది. గాయము లేదు, బొప్పియు రెండు దినములలో అణగినది. నెల దాటిన పిదప ఎడమకాలి చెప్పు జారిపోవుచున్నను ఆయనకు తెలియదాయెను. నోటిలెక్కలో ఎన్నడును పొరబడనివారు చిల్లర తప్పుగా నీయసాగిరి. పగలంతయు మగత. "వయసు మీదపడినది లే" యని ఇంటివారు సరిపెట్టుకొనిరి. మేమును చూచి అట్లే యనుకొంటిమి. ఆ తప్పులో మాకును పాలు కలదు.

వయసుతో మెదడు కొంత కుంచించుకొనిపోవును. దానికిని పైపొరకును నడుమనుండు సన్నని సిరలు సాగి బిగిసి, స్వల్పమైన దెబ్బకే చిట్లును. రక్తము కొద్దికొద్దిగా ఊరి, కొన్ని వారములకు మెదడును నొక్కును. రక్తమును పలుచబరచు మందులు వాడువారికి ఈ యపాయము హెచ్చు. సి.టి. స్కాన్ తీసిననే నిశ్చయముగా తెలియును. చికిత్స పేరు వినినంత భయంకరము కాదు: పుర్రెకు ఒకటి రెండు రంధ్రములు చేసి, రక్తమును కడిగి, ఒకటి రెండు దినములు సన్నని గొట్టము నుంచెదరు. కేంబ్రిడ్జిలో జరిపి 2009లో ప్రకటించిన పరిశోధనలో, గొట్టముంచినవారిలో నూటికి 9 మందికి, ఉంచనివారిలో 24 మందికి రక్తము మరల చేరి తిరిగి తీయవలసి వచ్చినది.

మా చింత శస్త్రచికిత్సను గూర్చి కాదు. ఏబదియేండ్లు తమిళ కన్నడములలో బేరములాడిన ఆ పెద్దకు, జబ్బులో తెలుగొక్కటే నోట మిగిలినది. తెలుగురాని యువవైద్యుడు తేదీ యడిగెను, ఊరడిగెను. జవాబు తనకు తెలియని భాషలో వచ్చుటచే "మతి కుదురలేదు" అని వ్రాసికొనెను. మరునాడు కోడలిని లోనికి విడిచిరి. "మామా, ఈ దినమేమి వారము?" అని యామె యడుగగా, "శుక్రవారము. అంగడి తెరిచినారా?" అనిరట! ఆమె చెప్పగా వైద్యుడు వెంటనే తన వ్రాతను దిద్దుకొనెను. ఆయనను మేము నిందింపము. ఆ ఒక్క దినము మాత్రము ఆ కుటుంబమునకు యుగమైనది.

సమ్మతిపత్రముపై కుమారుడు చదువకయే సంతకము చేసెను. ఇల్లు చేరిన పిదప ఏ తలనొప్పికి బెదరవలెనో తెలియక, పది రాత్రులు గంటకొకమారు తండ్రిని తట్టి లేపెను. మగత మరల హెచ్చినను, మాట తడబడినను, కాలుసేతులు పట్టు తప్పినను, మూర్ఛ వచ్చినను ఆ దినమే తీసికొనిపోవలెనని ఎవరైన ముందే తెలుగున చెప్పియుండిన ఆ కునుకైనను దక్కెడిది.

కావున ఈ విషయమున అడుగవలసిన ప్రశ్నలను, గమనింపవలసిన గుర్తులను ఒక కాగితముపై అచ్చొత్తింప తలంచితిమి. వైద్యులచేత దిద్దించిన పిదపనే పంచెదము. తెలుగు మాటలనే తమిళ, కన్నడ లిపులలో కూడ వేయింతుము. ఇంట తెలుగాడుచు తెలుగు చదువనేరని పిల్లలు మనలో ఎందరో! తమిళనాట 2006 నాటి తమిళ నిర్బంధ చట్టము తరువాత వారి సంఖ్య పెరిగినదని మా యభిప్రాయము. ఆసుపత్రిలో పెద్దల ప్రక్క కూర్చుండవలసినవారు వారే.

బెంగళూరున నుండి, పిలిచిన గంటలో ఆసుపత్రికి పోయి మాట కలుపగల యువకులును, స్త్రీలును తమ పేర్లను సంఘ కార్యాలయమున నమోదు చేయింపగోరుచున్నాము. ఇంటి పెద్దలు వాడు మందుల చీటీని, ముఖ్యముగా గుండె మందుల చీటీని, నకలు తీసి ఇంట అందుబాటులో నుంచుడు.