ఎమ్మెస్సీ... మ్యాథ్సా, స్టాట్సా?

మ్యాథ్స్ తీసుకుంటే టీచింగే, స్టాట్స్ అయితే డేటా సైన్స్! బీఎస్సీ ఆఖరి సెమిస్టర్లో ఎక్కడ విన్నా ఇదే మాట. ఇది సగమే నిజం. అసలు తేడా నోటిఫికేషన్లలోని అర్హతల దగ్గర ఉంటుంది. దాన్ని చాలామంది పీజీలో చేరాకే చదువుతారు.

యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షనే తీసుకోండి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదంటే అందులో పీజీ చేసుండాలి. డిగ్రీలో ఎంపీసీ, ఆపైన ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివినవారికి ఎన్ని మార్కులొచ్చినా దరఖాస్తుకే వీల్లేదు. అదే మ్యాథ్స్, స్టాట్స్, కంప్యూటర్స్‌తో డిగ్రీ చేసినవారు పీజీ ఏది చదివినా, అసలు చదవకపోయినా రాసుకోవచ్చు. కాబట్టి వీళ్లు ఈ ఒక్క పరీక్ష కోసం గణితాన్ని వదులుకోనక్కర్లేదు. పైగా ఏటా వచ్చేవి కొన్ని పదుల పోస్టులే.

లెక్చరర్ ఉద్యోగాల్లో లెక్క తిరగబడుతుంది. ఇంటర్‌లో ప్రతి ఎంపీసీ సెక్షన్‌కూ గణితం చెప్పేవాళ్లు కావాలి. స్టాట్స్‌కు అంత గిరాకీ లేదు. డిగ్రీ లెక్చరర్‌కైతే జనరల్ అభ్యర్థులకు పీజీలో 55 శాతం మార్కులు, దాంతోపాటు నెట్ లేదా సెట్ అడుగుతారు. సీఎస్‌ఐఆర్ నెట్‌లో మాత్రం ఇద్దరికీ మ్యాథమెటికల్ సైన్సెస్ పేపరే.

మరి కంపెనీలు? పైథాన్, ఎస్‌క్యూఎల్ వచ్చా అని చూస్తాయి. రిగ్రెషన్ ఎందుకు వాడారో చెప్పలేకపోతే స్టాట్స్ పట్టా కూడా ఆదుకోదు.

మధ్యలో దారి మార్చుకోవడం తప్పేం కాదు. సీఆర్ రావు ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చేశాకే కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్‌లో ఇంకో ఎంఏ చేశారు. అయితే తెలంగాణ సీపీగెట్‌లోనూ, ఐఐటీల జామ్‌లోనూ రెంటికీ పేపర్లు వేరు. ఏది రాయాలో దరఖాస్తు నింపేలోపే తేల్చుకోండి.