ముందు రెండేళ్ళు అక్కడ చేసి రా

ఆమధ్య ఒక శనివారం పొద్దున్నే మా స్నేహితురాలు ఫోన్ చేసింది. "వదినా, నువ్వయినా కాస్త చెప్పు దీనికి. చేతికొచ్చిన ఉద్యోగం వద్దంటోంది" అంది. వెనకనుంచి కూతురి గొంతు వినిపించింది. "అమ్మా, ఫోన్ నాకివ్వు. ఆంటీతో నేనే మాట్లాడతా."

ఆ అమ్మాయి ఈ దేశంలోనే పుట్టి పెరిగింది. డిసెంబరులో బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది, ఎన్‌క్లెక్స్ మొదటిసారే పాసయింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసే నిక్యూలో పని చెయ్యాలని తన కోరిక. అది నిన్నా మొన్నా పుట్టిన సరదా కాదు. ఆఖరి సెమిస్టరంతా నిక్యూలోనే ఒక సీనియర్ నర్సు పక్కన నిలబడి నేర్చుకుంది. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకి ఏం చెయ్యాలో నేర్పే ఎన్ఆర్‌పీ కోర్సు సొంత డబ్బుతో చేసింది. నలభై చోట్ల దరఖాస్తు పెట్టింది. జవాబిచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట: "ముందు రెండేళ్ళు మెడ్‌సర్జ్ చేసి రా."

మెడ్‌సర్జ్ అంటే మన ఊళ్ళ భాషలో జనరల్ వార్డు. మందులతో నయమయ్యే వాళ్ళూ, ఆపరేషనయిన వాళ్ళూ అందరూ కలిసి ఉండే చోటు. ఒక ఆసుపత్రి అక్కడ రాత్రి డ్యూటీ ఇస్తామంది. రెండేళ్ళలోపు మానేస్తే శిక్షణ ఖర్చు కింద వేల డాలర్లు తిరిగి కట్టాలని ఒప్పంద పత్రం కూడా పంపింది. శుక్రవారంలోగా సంతకం పెట్టాలి. వేరే ఊళ్ళో కొత్త నర్సుల్ని తీసుకునే నిక్యూ రెసిడెన్సీకి ఇంటర్వ్యూ మాత్రం ఇంకా మూడు వారాలుంది.

"ఆంటీ, మీరైతే ఏం చేస్తారు?" అనడిగింది.

పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు అని మనకో సామెత ఉంది. అనుభవం ఉంటేగానీ ఉద్యోగం లేదు, ఉద్యోగం ఉంటేగానీ అనుభవం రాదు అన్నది దానికి అమెరికా అనువాదం. ఈ మాట అన్ని వృత్తుల్లోనూ ఉందంటారేమో. మన సాఫ్ట్‌వేర్ బాబులనే అడుగుతాను. జావా నేర్చుకుని వచ్చిన కుర్రాణ్ణి ముందు రెండేళ్ళు కోబాల్ రాసి రమ్మన్నారా ఎవరైనా? అడిగినన్ని ఏళ్ళు లేకపోతే మనవాళ్ళలో కొందరు రెజ్యూమెలో ఎలా కలిపేవారో అందరికీ తెలిసిన సంగతే. నర్సుకి ఆ వెసులుబాటు లేదు, ఉండకూడదు కూడా. అందుకే నిజం చెప్పి నిలబడ్డ పిల్లకి న్యాయమైన దారి ఒకటి ఉండాలంటాను.

నా కథ కొంచెం చెప్పాలి. నేను ఆంధ్రాలో జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ చదివాను. మా చదువు పేరులోనే మంత్రసానితనం ఉంది. మూడేళ్ళు జిల్లా ఆసుపత్రి కాన్పుల గదిలో రాత్రింబవళ్ళు పనిచేశాను. 1993లో, అప్పట్లో నర్సుల కోసమే ఉన్న హెచ్-1ఎ వీసా మీద ఇక్కడికొచ్చాను. ఆ వీసా 1995లో ముగిసిపోయింది. ఎన్‌క్లెక్స్ అప్పుడింకా కంప్యూటర్ మీదకి రాలేదు. కాగితం మీద, రెండు రోజులపాటు రాశాం. పాసయ్యాక లేబర్ అండ్ డెలివరీ అడిగాను. "ఒక్క ఏడాది మెడ్‌సర్జ్ చెయ్యి, తర్వాత చూద్దాం" అన్నారు.

ఆ ఒక్క ఏడాదీ ఏడేళ్ళయింది. బదిలీ అడిగినప్పుడల్లా మా మేనేజరు "నువ్వు వెళ్తే రాత్రికి ఎవరున్నారు?" అనేది. పని బాగా చేస్తే వదలరు, చెయ్యకపోతే అవతలివాళ్ళు తీసుకోరు. ఏడేళ్ళ తర్వాత కాన్పుల గదిలో అడుగుపెట్టిన రోజు నాకింకా గుర్తు. మా ఊళ్ళో తల్లి పొట్టమీద గొట్టం ఆనించి, చెవిపెట్టి బిడ్డ గుండె విన్నదాన్ని. ఇక్కడ మానిటర్లోంచి బారెడు కాగితం బయటికొస్తోంది, దానిమీద గీతలు. ఒక్క గీత చదవడం రాలేదు. నా ఏడేళ్ళ మెడ్‌సర్జ్ ఆ గీతల ముందు ఎందుకూ కొరగాలేదు. నా పక్కన కాలేజీ నుంచి నేరుగా వచ్చిన ఇరవై మూడేళ్ళ అమ్మాయి నాకంటే ముందు చదవడం నేర్చుకుంది.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. నర్సింగ్ చదివిన ప్రతివాళ్ళూ పాట్రీషియా బెనర్ పేరు విని ఉంటారు. 1984లో వచ్చిన తన పుస్తకంలో ఆవిడ నర్సు ఎదుగుదలని అయిదు మెట్లుగా విడదీసింది. అందులోనే ఇంకో మాటా ఉంది: ఎంత పాత నర్సయినా, తనకి అలవాటులేని రోగుల మధ్యకి వెళ్తే మళ్ళీ మొదటి మెట్టు మీదే నిలబడొచ్చు. క్లాసులో బెనర్‌ని పాఠం చెప్పేదీ మనమే, ఇంటర్వ్యూలో ఆవిణ్ణి మరిచిపోయేదీ మనమే.

అవతలి వాదంలో న్యాయం లేదనను. మెడ్‌సర్జ్‌లో అయిదారుగురు రోగుల్ని ఒకేసారి చూస్తూ టైము ఎలా పంచుకోవాలో వస్తుంది. మనిషిని చూడగానే "ఏదో తేడాగా ఉంది" అని పట్టుకునే కన్ను వస్తుంది. డాక్టర్ని రాత్రి రెండింటికి లేపడానికి జంకు పోతుంది. అదంతా నాకూ అక్కడే వచ్చింది. కానీ అది అక్కడే రావాలని ఎక్కడుంది? 800 గ్రాముల బిడ్డ దగ్గర, పాలు మిల్లీలీటర్లలో కొలిచి, మందు డోసులో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే ప్రాణం పోయే చోట, ఆ జాగ్రత్త ఇంకా గట్టిగా వస్తుంది, నేర్పేవాళ్ళుంటే. ఎనభై ఏళ్ళ షుగరు రోగి దగ్గర నేర్చిన చెయ్యి, వెంట్రుకంత సన్నటి నరానికి సూది పెట్టడానికి మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాల్సిందే.

"ముందు అక్కడ చేసి రా" అనడంలో రెండో అవమానం కూడా ఉంది. అది మెడ్‌సర్జ్ నర్సులకి. వాళ్ళ పని ఒక ప్రత్యేక విద్య. 1991 నుంచీ వాళ్ళకంటూ జాతీయ సంఘం ఉంది, సర్టిఫికేషన్ పరీక్ష ఉంది. ఇరవయ్యేళ్ళుగా ఇష్టపడి ఆ పని చేస్తున్న మహాతల్లులు నాకు తెలుసు. ఆ వార్డుని అందరూ దాటిపోవాల్సిన రేవులా, ఎవరూ ఉండకూడని సత్రంలా మార్చేశాం. ఎప్పుడెప్పుడు బయటపడదామా అని క్యాలెండరు చూసుకునే నర్సు చేతిలో మీ నాన్నగారి ప్రాణం ఉండాలని మీరు కోరుకుంటారా?

మరి ఈ నియమం ఎందుకు బతికుంది? నన్నడిగితే, ఆ వార్డుల్లో మనుషులు నిలవరు గనక. కొత్తవాళ్ళకి దారి లేకుండా చేస్తే వాళ్ళు వచ్చి నింపుతారు గనక. ఒక్కో నర్సుకి ఎంతమంది రోగులన్నది అసలు ప్రశ్న. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలుచేసింది. 2005 నుంచి అక్కడ మెడ్‌సర్జ్‌లో నర్సుకి అయిదుగురికి మించకూడదు. చాలా రాష్ట్రాల్లో అలాంటి అంకె చట్టంలో లేదు. అంకె తగ్గించండి, జీతం పెంచండి, ఆ వార్డుకి మనుషులు వాళ్ళే వస్తారు. అది చెయ్యకుండా కొత్తపిల్లల్ని కట్టుబానిసల్లా తెచ్చి కూర్చోబెట్టడం, పైగా "మానేస్తే డబ్బు కట్టు" అనడం ఏం మర్యాద? ఇలాంటి ఒప్పందాల్లో చాలావాటిని కాలిఫోర్నియా, కొన్ని మినహాయింపులతో, 2026 జనవరి 1 నుంచి కొత్తగా రాయకూడదంది. మిగతావాళ్ళకీ ఆ బుద్ధి రావాలి.

కొత్తవాళ్ళకి నేర్పడం ఎలాగో తెలియక కాదు. కళాశాలలో చెప్పిందీ వార్డులో కనిపించిందీ వేరయి కొత్త నర్సులు ఎలా కుంగిపోతారో మార్లీన్ క్రేమర్ 1974లోనే పుస్తకం రాసింది. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళకీ, కొత్త విభాగానికి మారేవాళ్ళకీ రెసిడెన్సీ పెట్టండని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో సిఫారసు చేసింది. మంచి ప్రిసెప్టరు, కొన్ని నెలల శిక్షణ, ఏడాదిపాటు వెన్నుకాపు: ఇవి ఉన్నచోట కొత్త నర్సులు ఐసీయూలోనూ, నిక్యూలోనూ నిలబడుతున్నారు. ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు ఆసుపత్రిది, అమ్మాయిది కాదు.

సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. "ఈసారికి చోటు లేదమ్మా" అంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు. "నీకు అర్హత లేదు" అనడమే అబద్ధం.

ఇక మన సంగతి. ఈ దేశంలో తెలుగు డాక్టర్లకి కొదవ లేదు. ఏ పార్టీలో చూసినా నలుగురు కనిపిస్తారు. పిల్లలు మెడికల్ రెసిడెన్సీకి వెళ్తుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలో అందరికీ తెలుసు. అదే అమ్మాయి నర్సింగ్ అంటే పప్పు గిన్నె పక్కన నిలబడి "అయ్యో, మెడిసిన్ సీటు రాలేదా?" అంటారు. ఆ పిల్ల నలభై దరఖాస్తులు పెట్టినప్పుడు, ఆ ఆసుపత్రుల్లో పనిచేసే మన డాక్టరుగారు నిక్యూ మేనేజరు ఎవరో కనుక్కుని చెప్పిన పాపాన పోలేదు. కేరళ నర్సులు ఒకరికొకరు ఎలా చెయ్యందిస్తారో నేను కళ్ళారా చూశాను. మనం పరామర్శతో సరిపెడతాం.

అందరినీ అన్నాను, నన్ను నేను వదిలెయ్యడం న్యాయం కాదు. కొన్నేళ్ళ క్రితం మా కాన్పుల విభాగానికి నర్సుని ఎంచే కమిటీలో కూర్చున్నాను. మా దగ్గరే సహాయకురాలిగా పనిచేస్తూ చదువుకున్న అమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. తల్లులకి ఆమె అంటే ప్రాణం. "మెడ్‌సర్జ్ అనుభవం లేదు కదమ్మా" అన్నది నేనే. నేను ఏడేళ్ళు పడ్డాను, నువ్వు రెండేళ్ళు పడలేవా అన్న కక్ష నా గొంతులో ఉందని ఇప్పుడు తెలుస్తోంది. అత్తా ఒకింటి కోడలే అంటారు. కోడలుగా పడ్డదంతా గుర్తున్న అత్తే ఎక్కువ సాధిస్తుంది కాబోలు. ఆ అమ్మాయి వేరేచోట మెడ్‌సర్జ్‌లో చేరి, ఏడాది తిరక్కుండా నర్సింగే మానేసిందని తర్వాత విన్నాను.

అందుకే మా స్నేహితురాలి కూతురికి ఇలా చెప్పాను. "మెడ్‌సర్జ్ నీకు ఇష్టమైతే తలెత్తుకుని చేరు. ఇష్టం లేకపోతే, అదొక్కటే దారి అన్నవాళ్ళ మాట నమ్మి మాత్రం చేరకు. గడువు పెంచమని అడుగు. ఇవ్వకపోతే ఆ సంతకం పెట్టకు."

గడువు అడిగింది. కుదరదన్నారు. వదులుకుంది. వాళ్ళమ్మ నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ఇంటర్వ్యూ అయింది, ఫలితం ఇంకా రాలేదు. రాకపోతే పాపం నాదే అంటారు. అననివ్వండి. మీ ఊళ్ళో, మీ ఆసుపత్రిలో ఇలాంటి పిల్ల ఒకతె తలుపు తడుతూ ఉంటుంది. డాక్టరయితే మీ నిక్యూ మేనేజరుకి ఒక్క ఫోన్ చెయ్యండి. నాలాంటి పాత నర్సయితే, "అనుభవం ఎంత?" అని అడిగేముందు మీ మొదటి రోజు గుర్తు తెచ్చుకోండి.