తప్పు వాల్వుదేనా?

క్రిస్మస్‌కి ఇంకా పన్నెండు రోజులు ఉందనగా, రాత్రి పదకొండింటికి మా మిత్రుడి దగ్గర్నుంచి ఫోన్. పగలు బ్యాంకు ఉద్యోగం, ఆదివారాలు సికింద్రాబాద్‌లో ఓ చర్చి కాయిర్‌కి గిటార్. "ఒరేయ్, యాంప్ పోయిందిరా" అన్నాడు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదన్నంత దిగులుగా ఉంది గొంతు.

ఆ యాంప్లిఫయర్ సంగతి నాకు తెలుసు. అమెరికాలో ఉన్న వాళ్ల బావ అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో కొని సామానుతోపాటు పంపించాడు. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. అది 120 వోల్టుల మీద నడిచే సరుకు కాబట్టి, మన 230 వోల్టుల్ని తగ్గించడానికి పక్కనే ఇటుకరాయంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి. వెనకనుంచి తొంగిచూస్తే వరసగా గాజు బుడ్లు కనిపిస్తాయి. అవును, వాల్వులే! మన తాతయ్యల రేడియోల్లో ఉండేవే. స్విచ్ వేశాక అవి వేడెక్కేదాకా కిక్కురుమనదు.

ఇంకా వాల్వులేమిటి అంటారా? నేనూ అదే అడిగాను ఒకప్పుడు. 1904లో ఫ్లెమింగ్, 1906లో లీ డి ఫారెస్ట్ చేతుల్లో పుట్టిన ఈ గాజుబుడ్డిని రేడియోలు, టీవీలు ఎప్పుడో వదిలేశాయి. గిటార్ వాళ్లు మాత్రం వదల్లేదు. వాల్వు యాంప్‌ని దాని శక్తికి మించి వాయిస్తే శబ్దం ఒక్కసారిగా పగిలిపోదు... మెల్లమెల్లగా గరుకెక్కుతుంది. ఆ గరుకు కోసమే వాళ్ల తాపత్రయమంతా.

సరే, మావాడి సమస్యకొద్దాం. వారం నుంచి యాంప్‌లో గుంయ్‌మని హమ్. ఆ తర్వాత శబ్దం నీరసించిపోయింది. వాడు అప్పటికే నెట్‌లో వెతికి మందు కూడా కనిపెట్టేశాడు. పవర్ వాల్వులు మార్చెయ్యాలట. అవీ మామూలువి కాదు, యాభై ఏళ్ల కిందట తయారై పెట్టె విప్పకుండా ఉండిపోయిన పాత సరుకట. జత ధర వాడి జీతంలో పావు వంతు. "ఆర్డర్ పెట్టేస్తున్నా" అన్నాడు. రేపటిదాకా ఆగమని బతిమాలుకున్నాను.

మర్నాడు కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు అమ్మే దుకాణాల్లో ఆరా తీస్తే ఓ పెద్దాయన గురించి చెప్పారు. డెబ్బై దాటిన రేడియో మెకానిక్. మావాడు గడపలోనే మొదలుపెట్టాడు... ఏ కంపెనీ వాల్వు మంచిదండీ, ఏది తీపిగా పలుకుతుందండీ అంటూ. ఆయన అంతా విని, "ముందు ఏది పోయిందో చూద్దాం బాబూ. ఏది కొనాలో తర్వాత" అన్నారు.

స్పీకరు తీగ ఉందో లేదో చూసుకుని (అది లేకుండా వాల్వు యాంప్ వాయిస్తే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే పోవచ్చు) స్విచ్ వేశారు. గదిలో లైటు ఆర్పేశారు. రెండు పెద్ద వాల్వుల్లోనూ ఫిలమెంటు నారింజ రంగులో వెలుగుతోంది. అది మామూలే. గాజు లోపలి అంచున నీలిరంగు మెరుపు కనిపించినా కంగారు పడక్కర్లేదట. కానీ నిమిషం గడిచేసరికి కుడిపక్క వాల్వులో బూడిదరంగు రేకు... దాన్ని ప్లేటు అంటారు... పెనం అడుగులా ఎర్రగా కాలడం మొదలెట్టింది. ఆయన టక్కున స్విచ్ తీసేశారు.

"చూశారా, వాల్వే పోయింది!" అన్నాడు మావాడు, పరీక్ష పాసైనవాడిలా.

ఆయన మాట్లాడలేదు. వాల్వులు చల్లారేదాకా టీ తాగాం. తర్వాత కుడిదాన్ని ఎడమకీ, ఎడమదాన్ని కుడికీ మార్చి మళ్లీ స్విచ్ వేశారు. వాల్వు చెడిపోయి ఉంటే ఎరుపు దాంతోపాటు ఎడమవైపుకి పోవాలి కదా? పోలేదు. కుడి సాకెట్‌లోకి కొత్తగా వచ్చిన వాల్వు ఎర్రబడింది. అంటే తప్పు వాల్వుది కాదు, దాని వెనకున్న సర్క్యూట్‌ది!

దొంగ ఎవరో పావుగంటలో దొరికాడు. కప్లింగ్ కెపాసిటర్. ముందు దశ నుంచి పాటని మాత్రమే పవర్ వాల్వులోకి పంపి, అక్కడున్న హై వోల్టేజీని ఆపెయ్యడం దాని పని. వయసు మీరి అది కాస్త కారుతోంది. దాంతో వాల్వుని అదుపులో ఉంచాల్సిన నెగెటివ్ వోల్టేజీ, అదే బయాస్, తగ్గిపోయి వాల్వు పట్టపగ్గాల్లేకుండా కరెంటు లాగేస్తోంది. ఆ రాత్రే ఆర్డర్ పెట్టి ఉంటే? జీతంలో పావు వంతు పోసి తెచ్చిన వాల్వు రిహార్సల్స్ పూర్తయ్యేలోపే కాలిపోయేది. మావాడి మొహం చూడాలి అప్పుడు.

ఆయన రెండువైపుల కెపాసిటర్లూ మార్చారు. మేం అక్కడికెళ్లిన ఆటో చార్జీకన్నా తక్కువే అయింది వాటికి. ఒక్క మాట... ఈ పని మీరు ఇంట్లో ప్రయత్నించకండి. ఇలాంటి యాంప్ లోపల 400 వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్గు పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ చార్జి నిలిచే ఉంటుంది. బయటనుంచి చల్లారిన వాల్వు తీసి పెట్టడం వరకే మన హద్దు.

మరి చిన్న వాల్వులు పోతే ఎలా తెలుస్తుంది? దానికో పెన్సిల్ చాలు. యాంప్ ఆన్‌లో ఉండగా, వాల్యూమ్ కాస్త పెంచి, ఒక్కోదాన్నీ పెన్సిల్‌తో మెల్లగా తట్టాలి. కొద్దిగా టిక్‌టిక్ వినిపించడం సహజం. గంట మోగినట్టు ఖంగుమన్నదే ముద్దాయి. తల దగ్గర వెండిపూతలా మెరిసే భాగం తెల్లగా పాలిపోతే మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు. లోపలికి గాలి పోయింది, దాని కథ ముగిసింది. గిటార్ తీగ దూర్చే చోటుకి మొదట వచ్చే వాల్వు విషయంలో ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. అక్కడ పుట్టిన రొదని మిగతావన్నీ పెంచుకుంటూ పోతాయి మరి.

కెపాసిటర్లు మార్చినా వాల్వులు కొనక తప్పలేదు లెండి. వారం రోజులు కాలిన వాల్వు బాగా నీరసించింది. ఎంపిక ఇప్పుడు మొదలైంది. ఇక్కడా మావాడిది మరో ఊహ. "6ఎల్6 బదులు ఇఎల్34 వేస్తే బ్రిటిష్ సౌండ్ వస్తుందటగా? సాకెట్ కూడా అదేగా?" నిజమే, రెండింటికీ ఎనిమిది కాళ్లే. పడుతుంది. కానీ 6ఎల్6 ఫిలమెంటు 0.9 ఆంపియర్లు తీసుకుంటే, ఇఎల్34 ది 1.5 ఆంపియర్లు. రెండు వాల్వులకీ కలిపి 1.2 ఆంపియర్ల అదనపు భారం ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన! పైగా ఒకటో నంబరు కాలు వ్యవహారం రెండింటికీ వేరు. ఇంకో తమాషా... చిన్న ప్రీయాంప్ వాల్వు 12ఎఎక్స్7కీ, పవర్ వాల్వు ఇఎల్84కీ ఇద్దరికీ తొమ్మిది కాళ్లే. ఒకదాని సాకెట్లో రెండోది హాయిగా దూరుతుంది, లోపల కనెక్షన్లు మాత్రం పూర్తిగా వేరు. పట్టిందల్లా పనికిరాదన్నమాట.

మార్చి చూసుకునే సరదా ఉంటే చిన్న వాల్వుల్లో తీర్చుకోవచ్చు. ఇసిసి83 అన్నా 12ఎఎక్స్7 అన్నా ఒకటే, యూరప్ పేరొకటి, అమెరికా పేరొకటి. దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100. 5751 అనే దానికి సుమారు 70, 12ఎటి7కి 60, 12ఎయు7కి 20 లోపే. యాంప్ మరీ త్వరగా గరగరలాడుతోందనిపిస్తే మొదటి సాకెట్లో 5751 పెట్టి చూడటం చాలామంది చేసే పనే.

పేరు దగ్గర మావాడు ఇంకా పట్టు వదల్లేదు. ఆ పాత బ్రిటిష్ పేరే కొత్త డబ్బాల మీద తక్కువ ధరకి దొరుకుతోందని ఫోన్‌లో చూపించాడు. పాత పశ్చిమ దేశాల ఫ్యాక్టరీలు 1980ల చివరికల్లా దాదాపుగా మూతపడ్డాయి. ఇప్పుడు మల్లార్డ్, టంగ్‌సోల్ అన్న పేర్లతో వచ్చే కొత్త వాల్వులు తయారయ్యేది రష్యాలోని సరాతోవ్‌లో. అమెరికాకు చెందిన న్యూ సెన్సర్ అనే కంపెనీ ఆ పేర్లతో అమ్ముతోంది. అవి చెడ్డవని కాదు, ఇంగ్లండ్‌వి కావంతే. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ సరుకు ఆగిపోతే ప్రపంచమంతటా గిటార్ వాళ్లు గగ్గోలు పెట్టారు. సరుకు మళ్లీ వచ్చింది, ధరలు మాత్రం దిగిరాలేదు. స్లొవేకియాలోని చాద్‌సాలో జెజె అనే కంపెనీ, ఇంకా చైనాలో కొందరు తయారు చేస్తున్నారు. ఇక అసలు సిసలు పాత సరుకంటారా, గాజు మీది అచ్చుని నమ్మి డబ్బు పెట్టకూడదు. చెరిపి మళ్లీ అచ్చు వేసే ఘనులున్నారు. కొలిచి, ఆ లెక్క రాసిచ్చేవాడి దగ్గరే కొనాలి.

ఈ మాట మీద పెద్దాయన మంచం కింది రేకుపెట్టె లాగారు. బెంగళూరు బిఇఎల్ వాల్వులు! 1960లలో అక్కడ తయారైన వాల్వులే మన రేడియోల్లో పాడాయి. పసుపెక్కిన డబ్బాల్లో నాలుగు ఇఎల్84లు భద్రంగా ఉన్నాయి. విదేశాల్లో వీటిని వెతుక్కుని కొనేవాళ్లున్నారంటే ఆయన నమ్మలేదు. మావాడి యాంప్‌కి పనికొచ్చేవి కావు గానీ, వాడు చాలాసేపు చేతిలోంచి దించలేదు.

చివరికి ముంబై నుంచి స్లొవేకియా తయారీ 6ఎల్6 జోడీ తెప్పించాం. జోడీ అంటే ఒకే డబ్బాలో వచ్చినవి కాదు, ఒకే వోల్టేజీ దగ్గర ఒకేలా కరెంటు లాగేవి. హమ్ తగ్గాలంటే అది అవసరం. పెట్టగానే అయిపోలేదు, బయాస్ సరిచూడాలి. ఈ 6ఎల్6జిసి రకం ప్లేటు భరించగలిగేది 30 వాట్లు. వాయించకుండా ఊరికే ఉన్నప్పుడు అందులో 70 శాతం, అంటే 21 వాట్లు దాటకూడదని లెక్క. ఈ యాంప్‌లో ప్లేటు దగ్గర 420 వోల్టులుంది. 21ని 420తో భాగిస్తే 50 మిల్లీ ఆంపియర్లు. ఆయన అక్కడిదాకా కూడా పోనివ్వలేదు, 40 దగ్గరే ఆపేశారు. "రాత్రంతా వాయిస్తావు కదా, కాస్త ఊపిరాడనీ" అన్నారు. నాలుగు ఇఎల్84లతో నడిచే వాక్స్ ఏసీ30 లాంటివాటిలో బయాస్ దానంతటదే సర్దుకుంటుంది కాబట్టి ఈ తిప్పలు తక్కువ.

పాత జతలో బాగున్న వాల్వుని కాగితంలో చుట్టి, దాని మీద తేదీ వేసి ఇచ్చారు. అత్యవసరానికి ఉంచుకోమని. ఇక వాయించి చూపించమన్నారు. మావాడు కళ్లు మూసుకుని క్రిస్మస్ పాట అందుకున్నాడు. పెద్దాయన మాత్రం చెవి యాంప్‌కి ఆనించి, పాట ఆగిన తర్వాతి నిశ్శబ్దం కోసం కాచుక్కూర్చున్నారు.

"హమ్ పోయింది" అని సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకేశారు.