బెంగళూరును బయటే వదిలేద్దాం

హైదరాబాద్ నుంచి కన్యాకుమారికి కారులో వెళ్లాలంటే రూట్ సింపుల్. ఎన్‌హెచ్ 44 ఎక్కి దక్షిణానికి పోతూనే ఉండాలి. తలనొప్పల్లా మధ్యలో వచ్చే బెంగళూరుతోనే. పొద్దున 9కి తాపీగా బయల్దేరారా, దాదాపు 570 కిలోమీటర్లు నడిపి, సరిగ్గా ఆఫీసులు వదిలే టైమ్‌కి హెబ్బాళలో ఇరుక్కుంటారు. అదే తెల్లవారుజామున 4కి కదిలితే మధ్యాహ్నానికే అక్కడుంటారు.

అసలు ఊళ్లోకే వెళ్లకూడదనుకుంటే రెండు దారులున్నాయి. ఒకటి: దేవనహళ్లి దగ్గర శాటిలైట్ రింగ్ రోడ్డు ఎక్కి హోస్కోటె, మాలూరు మీదుగా హోసూరు చేరడం. మ్యాప్ సిటీలోకి లాగుతుంటే హోస్కోటెను స్టాప్‌గా యాడ్ చేయండి.

రెండోది: కర్నూలులోనే ఎడమకు తిరిగి ఎన్‌హెచ్ 40 పట్టుకోవడం. నంద్యాల, కడప, రాయచోటి, చిత్తూరు దాటి వేలూరు వెళ్లి, అక్కడి నుంచి కృష్ణగిరి చేరితే మళ్లీ 44 దొరుకుతుంది. కడప దాటాక వచ్చే గువ్వలచెరువు ఘాట్ మలుపులు మాత్రం పగలే దాటేయండి. అక్కడి పాలకోవా ఎలాగూ వదలరు కదా!

ఇంత ప్లానింగ్ ఒక్క గంట కోసమేనా? కాదు. ట్రాఫిక్‌లో పోయిన టైమ్‌ని రాత్రి హైవే మీద రాబట్టుకుందామనే తొందర ఉంటుంది చూడండి, ప్రమాదం అక్కడుంది. ధర్మపురి దాటాక సేలం వైపు తొప్పూరు ఘాట్ అంతా దిగుడే. బ్రేకులు ఫెయిలైన లారీలు ఎన్నో ప్రమాదాలు చేసిన చోటది. నిద్రకళ్లతో దిగాల్సిన రోడ్డు కాదు. ఏ దారిన వచ్చినా సరే, చీకటి పడితే కృష్ణగిరిలోనే రూమ్ తీసుకుని పడుకోండి. కన్యాకుమారి ఎక్కడికీ పోదు.