ఇద్దరు సాక్షులు

దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు తేనెటీగ పేరు, మరొక సూరాకు చీమ పేరు ఉన్నాయి. నేలపై సంచరించే ప్రాణులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనలాంటి సముదాయాలేనని అల్ అన్‌ఆమ్ సూరా (6:38) తెలుపుతున్నది. కీటకాలలోనే శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన జాతులు సుమారు పది లక్షలు. పేరు పెట్టనివి అంతకన్నా ఎక్కువని అంచనా.

ఒక కీటకం కొత్త జాతికి చెందినదని నిర్ధారించడం ఎలా? రెక్కలపై ఈనెలు, మీసాల కణుపులు, కాళ్ళపై ముళ్ళు మొదలైన శరీర లక్షణాలను సూక్ష్మదర్శినితో పోల్చి చూడటం పాత పద్ధతి. అయితే కన్ను ఒక్కొక్కసారి మోసపోతుంది.

మధ్య అమెరికాలోని కోస్టారికాలో అలాగే జరిగింది. అక్కడ ఆస్ట్రాప్టిస్ ఫుల్జిరేటర్ అనే సీతాకోకచిలుక ఉన్నది. 1775లో పేరు పొందిన దానిని అందరూ ఒకే జాతి అనుకున్నారు. డేనియల్ జాన్‌జెన్, విన్నీ హాల్‌వాక్స్ దంపతులు గొంగళిపురుగులను సేకరించి పెంచుతూ, ఏది ఏ ఆకు తింటున్నదో ఏళ్ళ తరబడి నమోదు చేశారు. పెద్దయిన చిలుకలు దాదాపు ఒకేలా ఉన్నా, గొంగళిపురుగుల రంగులు, అవి తినే ఆకులు వేరువేరుగా ఉన్నాయి. కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్ బృందం వాటి డి.ఎన్.ఎ.లో సుమారు 650 అక్షరాల పొడవున్న ఒక భాగాన్ని పోల్చింది. 25 ఏళ్ళ పరిశీలనను, డి.ఎన్.ఎ.ను కలిపి, ఆ ప్రాంతంలో కనీసం పది జాతులు ఉన్నాయని 2004లో ప్రకటించారు.

ఆ సంఖ్యపై తర్వాత ఆక్షేపణలూ వచ్చాయి. ఒక్క జాతిలోనే డి.ఎన్.ఎ. కొంత మారవచ్చు, దగ్గరి జాతుల మధ్య తేడా స్వల్పంగానూ ఉండవచ్చు. అందువల్ల రూపం ఒక్కటే చాలదు, డి.ఎన్.ఎ. ఒక్కటే చాలదు. రెండూ ఒకే మాట చెప్పినప్పుడు నిర్ణయం బలపడుతుంది.

అప్పు పత్రం రాసుకొనేటప్పుడు సాక్షులను పెట్టుకోమని ఖుర్ఆన్ (2:282) ఆదేశించింది. తెలియని విషయం వెంట పోవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించింది (17:36). ఒక చిన్న చిలుక పేరు తేల్చడానికి శాస్త్రజ్ఞులు పాతికేళ్ళ పరిశీలనను ఆధారం చేసుకున్నారు. మనమో, సాటి మనిషి వేషం చూసి, ఎవరో పంపిన ఒక్క సందేశం విని, అతడెలాంటివాడో క్షణంలో తీర్పు చెప్పేస్తున్నాం. పురుగు విషయంలో పాటించే న్యాయం మన పొరుగువాని విషయంలో పాటించవద్దా?