శిక్షణ ఖర్చు ఎవరు మోస్తున్నారు?

అప్రెంటిస్‌ను చేర్చుకోవడమంటే ఖర్చు నెత్తిన వేసుకోవడమేనని యజమానులు అంటుంటారు. స్టయిపెండు, నేర్పే మనిషి సమయం, కొత్త చేతుల్లో పాడయ్యే సరుకు, పనిముట్లు - ఇవన్నీ ఖర్చులే, కాదనను. కానీ అమ్మాయి ప్రసక్తి వచ్చేసరికి ఇదే లెక్కలోకి విడి మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, 'రక్షణ బాధ్యత' కూడా వచ్చి చేరతాయి. వాటిని చూపించి ఆమెను గేటు బయటే ఆపేయడం అన్యాయమని నా అభిప్రాయం.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం, 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఐ.టి.ఐ. పాసైన వారికి నెలకు కనీసం 7,000 రూపాయల స్టయిపెండును ఆ నిబంధనలు నిర్ణయించాయి. 2016లో మొదలైన జాతీయ పథకం కింద ప్రైవేటు యజమానికి అందులో పావు వంతును, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రమే భరించింది. పైగా అప్రెంటిస్ చట్టం దృష్టిలో కార్మికురాలు కాదు, శిక్షణార్థి మాత్రమే. కార్మికుల జీతం, బోనస్ ఆమెకు వర్తించవు. మొదటి నెలల్లో ఆమె ఖర్చే కావచ్చు. చేయి తిరిగాక బిగించిన ప్రతి బోల్టూ, వేసిన ప్రతి వెల్డింగూ ఉత్పత్తే కదా! ఆ జమ ఏ పద్దులో రాస్తున్నారు?

ఇక మరుగుదొడ్డి సంగతి. స్త్రీలకు విడిగా మరుగుదొడ్లు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం 1948లోనే చెప్పింది. ఫ్యాక్టరీలో శిక్షణ పొందే అప్రెంటిస్‌కు ఆ చట్టంలోని ఆరోగ్య, భద్రత, సంక్షేమ నియమాలు వర్తిస్తాయని అప్రెంటిస్‌ల చట్టం చెప్పింది. పని స్థలాల్లో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం 'ఉద్యోగి' నిర్వచనంలో అప్రెంటిస్‌ను పేరుపెట్టి చేర్చింది. ఇవన్నీ యజమాని ఎలాగూ చేయాల్సిన పనులు. వాటిని అమ్మాయి శిక్షణ ఖర్చుగా రాయడం దొంగలెక్క.

ఎవరూ రాయని లెక్క ఇంకొకటుంది. మొవ్వకు రైలు లేదు. ఇక్కడి అమ్మాయి ఫిట్టరో ఎలక్ట్రీషియనో చదివి, రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో శిక్షణకు వెళ్లాలంటే పామర్రు, ఉయ్యూరు దాటి విజయవాడ చేరి, అక్కడినుంచి మళ్లీ బయల్దేరాలి. రోజూ తిరగడం కుదరదు. గది అద్దె, తిండి, బస్సు చార్జీ అన్నీ ఆ స్టయిపెండులోంచే. చాలకపోతే తల్లి కూలి డబ్బులోంచి. ఆ డబ్బు ఒక్కరికే సరిపోతుందంటే ఇంట్లో ఎవర్ని పంపుతారో మనకు తెలియనిదా?

శిక్షణ పూర్తయ్యాక మాత్రం? రైల్వే లెవెల్-1 నియామకాల్లో తన దగ్గర శిక్షణ పొందినవారికి 20 శాతం కేటాయించింది. అది చాలదంటూ 2018 మార్చి 20న ముంబైలో అప్రెంటిస్‌లు పట్టాల మీద కూర్చున్నారు. నేర్పించినవాళ్లను వదులుకుంటే ఆ ఖర్చును వృథా చేసింది ఎవరు? 2014 సవరణ ప్రకారం శిక్షణ ముగించినవారి నియామకంపై ప్రతి యజమానీ సొంత విధానం రూపొందించుకోవాలి. ఆ విధానం ఏమిటో అడిగే హక్కు మనకుంది.

ఆడవాళ్లకు ఈ పని రాదనేవాళ్లకు మా మండలంలోని కూచిపూడినే చూపిస్తాను. తరతరాలుగా అక్కడ మగపిల్లలకే నేర్పారు. సత్యభామ వేషమూ మగవాళ్లే కట్టారు. 1963లో మద్రాసులో అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం లాంటి గురువులు ఆడపిల్లలకు నేర్పారు. ఈనాడు ఆ నాట్యాన్ని ప్రపంచమంతా మోస్తున్నవాళ్లలో స్త్రీలెందరో! లోపం నేర్చుకునేవాళ్లలో లేదని అర్థం కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

2024 డిసెంబరులో దక్షిణ మధ్య రైల్వే 4,232 అప్రెంటిస్ ఖాళీలు ప్రకటించింది. స్త్రీలకు దరఖాస్తు ఫీజు లేదు. మంచిదే, కానీ ఫీజు మాఫీతో గది అద్దె తీరదు. వాటిలో ఎంతమంది స్త్రీలు చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది? ఈ మూడు అంకెలనూ సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. వర్క్‌షాపుల దగ్గర మహిళా హాస్టళ్ల కోసం పట్టుబడదాం. ప్రకటన వెలువడిన రోజే అది ఐ.టి.ఐ. అమ్మాయిల చేతికి అందేలా మన సంఘాలు చూడాలి. ఖర్చు గురించి మాట్లాడేవాళ్లు లెక్క పుస్తకం మొత్తం తెరవాలి. అందులో మన పిల్లలు పెడుతున్న ఖర్చు కూడా కనబడాలి.