రిజిస్ట్రీ క్లీనింగ్ పేరుతో ఊడ్చేది మన జేబులనే!



మన తమ్ముడొకడు ఇంట్లో తునికాకు డబ్బులతో పాత ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు. స్లో అయిందని టౌన్‌లో షాపుకి తీసుకెళ్తే "రిజిస్ట్రీ మొత్తం చెత్త, క్లీన్ చెయ్యాలి" అని 600 గుంజారు. రెండు రోజులకు విండోస్ తెరుచుకోలేదు. మళ్లీ వెళ్తే "ఫార్మాట్ కొట్టాలి" అని ఇంకో 800. ప్రాజెక్టు పోయింది, స్కాన్ చేసిన కుల, ఆదాయ సర్టిఫికెట్లు పోయాయి. స్కాలర్‌షిప్ గడువు నెత్తిమీద ఉంది. షాపువాడి జవాబు: "మీకేం తెలుసు?"

తెలుసుకుందాం. మనకు తెలీదన్న నమ్మకం మీదే కదా వాళ్ల బేరం నడిచేది!

రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులన్నీ రాసిపెట్టుకునే పద్దుపుస్తకం. ఏ ప్రోగ్రాం ఎక్కడుంది, ఏ ఫైల్ దేనితో తెరవాలి, అన్నీ అందులోనే. ప్రోగ్రాం తీసేశాక కొన్ని పాత ఎంట్రీలు మిగులుతాయి, నిజమే. కానీ లక్షల ఎంట్రీల్లో కొన్ని వందలు తీసేస్తే వేగం పెరగదు. తీయకూడనిది ఒక్కటి తీస్తే మాత్రం సిస్టమే లేవదు. గాదెలో నాలుగు తాలు గింజలున్నాయని గాదెకే నిప్పు పెట్టుకుంటామా?

విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్టే రిజిస్ట్రీ క్లీనర్లను సమర్థించదని తన పాలసీలో రాసుకుంది. "872 ఎర్రర్లు దొరికాయి" అని ఎర్రగా చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ముందు భయపెడుతుంది, తర్వాత డబ్బులడుగుతుంది.

మరి స్లో అయితే ఏం చెయ్యాలి? టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి అక్కర్లేనివి ఆపండి. వాడని ప్రోగ్రాంలు సెట్టింగ్స్ నుంచే అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. డిస్క్ క్లీనప్ నడపండి. సిస్టమ్ ఫైళ్లు దెబ్బతిన్నాయని అనుమానముంటే, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్ ఇవ్వండి. ఇవన్నీ ఉచితం. పాత హార్డ్ డిస్క్ మిషన్ అయితే ఆ 1400 దాచి ఎస్‌ఎస్‌డీ కోసం కలుపుకోండి, తేడా కళ్లకు కనిపిస్తుంది.

రిజిస్ట్రీలో చెయ్యి పెట్టక తప్పని పని పడితే, ముందు ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్ చేసి రిస్టోర్ పాయింట్ పెట్టండి. ఆ తర్వాత రెజ్‌ఎడిట్‌లో మార్చబోయే కీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టండి. ఎక్స్‌పోర్ట్ ఫైల్ ఒక్కటే చాలదు. విండోస్ తెరుచుకోకపోతే దాన్ని నడిపేదెక్కడ? అప్పుడు రికవరీ స్క్రీన్ నుంచి ఆదుకునేది రిస్టోర్ పాయింటే. విండోస్ తనే దాచి ఉంచుతుందిలే అనుకోవద్దు. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి రిజిస్ట్రీని రెగ్‌బ్యాక్ ఫోల్డర్‌లో తనంతట తానే దాచడం ఆపేసింది.

హాస్టళ్లకు కంప్యూటర్లు ఇచ్చి ఫొటోలు దిగే సార్లకూ ఒక మాట. మిషన్ ఇస్తే సరిపోదు, దాన్ని కాపాడుకోవడం కూడా నేర్పండి. నేర్పకపోతే ఆ మిషన్ చివరికి చేరేది ఆ షాపుకే.

వాళ్లు నేర్పేదాకా మనం ఆగొద్దు. ఒక్కో హాస్టల్ నుంచి ఇద్దరు ముందుకు రండి. నేర్చుకున్నవాళ్లు ఇంకో ఇద్దరికి నేర్పండి. మన అడవిలో ఏ వేరు మందో, ఏది విషమో మన పెద్దలు షాపువాణ్ణి అడిగి తెలుసుకోలేదు!

జై ఆదివాసీ!